రంగూను హుసేనప్ప మావాడేనని ధ్రువపరచుట గురించి

ఎర్రగుడిపల్లె,
12-8-1964.

తహసీల్దారు గారి సముఖమునకు, పై గ్రామ కాపురస్థుడు కదిరప్ప కుమార్తె తిరుపాలమ్మ, బి.ఎ., వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: బర్మాలోనున్న మా చిన్నాయన హుసేనప్పకు స్వస్థల ధ్రువపత్రము నిరాకరించుట.

1. మా చిన్నాయన బియ్యపు మిల్లు పనికి రంగూను పోయి, అక్కడే చిన్న అంగడి పెట్టుకొని నిలిచిపోయినాడు. ఈ సంవత్సరము ఆ అంగడిని బర్మా సర్కారు స్వాధీనపరచుకొన్నది. అక్కడి మనవారిని తెచ్చుటకు మన ప్రభుత్వము ఓడలు పంపుచున్నది. ఈయనకు ఓడలో చోటు దొరకవలెనన్న స్వగ్రామము నుండి ధ్రువపత్రము రావలెనట. మేము కోరినది అదొక్కటే.

2. కోస్తా నుండి కొత్తగా బదిలీపై వచ్చిన తమ కచేరి గుమాస్తాగారు, "అన్న కదిరప్ప, తమ్ముడు హుసేనప్పా? ఎక్కడైనా ఉందా అమ్మా ఇది? పాకిస్తాను వెళ్ళవలసినవాడేమో చూసుకోండి" అని, ఆ మాటనే ఆక్షేపణగా వ్రాసినారు.

3. మా నాయన తరువాత పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోయినందున, మా అవ్వ చౌడమ్మ పీర్ల పండుగనాడు నిప్పుల గుండము ముందర మొక్కుకొన్నది. దక్కిన బిడ్డకు పీరు పేరు పెట్టినది. ఈ సీమలో ఇది వింత గాదు.

4. పీరును ఎత్తు పీరాసాబ్‌ను సాక్ష్యమునకు పిలుచుకొని వచ్చితిమి. "సామీ, ఆ పేరు పెట్టింది మా నాయనే. వాడు చౌడమ్మ కొడుకు. నేనూ వాడూ కలిసి గుండం తొక్కినోళ్ళం" అని ఆయన చెప్పినాడు. "చూశారా, సాక్షి కూడా ముస్లిమే" అని గుమాస్తాగారు దానిని రెండవ ఆక్షేపణగా చేర్చుకొన్నారు.

5. పేరు మార్చుకొన్న పక్షమున పరిశీలింతుమని సెలవిచ్చినారు. నాయన సరేనన్నాడు. అవ్వ మాత్రము, "ఇచ్చిన పీరుసామి పేరు తీసేస్తే బిడ్డనీ తీసుకపోతాడు. ఆ పేరుతోనే రానీండి. లేకుంటే ఆడనే బతకనీ" అని గోడవైపు తిరిగి పండుకొన్నది. నేను చదివిన బి.ఎ.లో దీనికి పాఠము లేదు.

6. సముద్రము అవతలివారు కూడా మనవారేనని పంచాయతీ రేడియోలో చెప్పినారు. ఆ దినము అవ్వ, "మనోళ్ళంటే మనోడు గూడా ఉండాడు కదమ్మే?" అని అడిగినది. ఉన్నాడన్నాను.

కావున తదుపరి ఓడ కదలక మునుపే, ఉన్న పేరు మీదనే ధ్రువపత్రము ఇప్పించు విషయము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తిరుపాలమ్మ

మరచిన సంగతి: ఆక్షేపణ నోటీసును మా ఇంటికి తెచ్చి ఇచ్చినవాడు తమ కచేరి జవాను, ఓబుళేసు కొడుకు. ఆయన పేరూ హుసేనప్పే, మొక్కుబడి పేరే. అందులో ఏమున్నదని అడిగితే చదివి వినిపించినాను. చెంబెడు నీళ్ళు తాగి, "నాకు నెలనెలా జీతమిస్తాండారే, పాపా" అన్నాడు. ఈ మాట గుమాస్తాగారి చెవిన పడనీయవద్దని ప్రార్థన.