నడుముకు కట్టుకున్న ట్యూబులు

జువ్వలదిన్నె, నవంబరు 1964, రాత్రి

పక్కింటి పోలమ్మ ఇవాళ కూడా పులుసు గిన్నె పంపలేదు. ఊళ్లో వాంతులు మొదలయ్యాయని, చేపలు కడిగే నీళ్లలో సూక్ష్మక్రిములున్నాయేమో చూస్తున్నాను. అర్థమవుతుందని ఊళ్లోవాళ్లతో "పురుగులు" అన్నాను. అది విని పోలమ్మ పొద్దున మా గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"మా చేపల్లో పురుగులుండాయన్నావంటనే! ఇన్నాళ్లూ తింటివి కదమ్మా, ఒక్కటన్నా కనిపించిందా?"

"కంటికి కనిపించవు పోలమ్మా" అన్నాను. ఇంకా మండిపడింది.

పట్టుకొచ్చిన నీళ్లలో సగం బిట్రగుంటలో రైలెక్కించాను. మద్రాసు ల్యాబులో రంగనాయకిగారు వాటిని వెచ్చటి పెట్టెలో పెట్టి చూస్తారు. ఇద్దరికీ ఒకే ఫలితం వస్తేనే ఎవరైనా నమ్మేది. ఇక్కడ కరెంటే లేదు, ఇంక పెట్టె ఎక్కడిది? మిగతా నీళ్లు మాంసం రసంలో కలిపి గాజు ట్యూబుల్లో పోసి, వాటిని గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నాను. క్రిములుంటే నా ఒంటి వేడికి పెరుగుతాయి, తెల్లారేసరికి రసం మసకబారుతుంది.

మసకబారితే పోలమ్మ ఇక నా మొహం చూడదు. మసకబారకూడదనే ఉంది నాకు. అయినా ట్యూబులకు చలి తగలకుండా దుప్పటి లాక్కున్నాను. ఈ ఊళ్లో నన్ను అంటిపెట్టుకుని ఉన్నవి ఇప్పుడు ఇవే.