అడ్డంగా తల ఊపే శివలీల

ధారవాడ, సోమవారం

పెద్దలు గురుశాంతప్ప అజ్జగారికి నమస్కారాలు.

ఈ శనివారం మా పసిపిల్లల పాటల తరగతికి ఇంటివాళ్లందరినీ పిలుస్తున్నాం. చాప మీద కూర్చుని వాళ్లతో పాటు చప్పట్లు కొట్టండి. మీరు మాత్రం తప్పక రావాలి. మీ మనవరాలు శివలీల చేరి మూడు నెలలైనా నోరు విప్పలేదు. నేనొక వరుస పాడి "ఇప్పుడు నువ్వు పాడు లీలవ్వా" అంటే అడ్డంగా తల ఊపుతుంది. బలవంతపెట్టడం నాకిష్టం లేదు. వచ్చి చూసి, మాన్పించాలో వద్దో మీరే చెప్పండి.

ఇట్లు,
శాల్మలా కట్టి

తా.క. తినుబండారాలు తేవద్దు. పోయిన ఏడాది ఒక అవ్వ లడ్డూలు పంచింది. ఆ రోజు సరిగమల్లో 'మ' ఒక్కటే పలికింది.

మంగళవారం

పాట నేర్పే అక్కోరికి శరణు శరణార్థులు.

మీ ఉత్తరం చదివాక ఇంట్లో ఎవరికీ రొట్టె సహించలేదు. నోరు విప్పదా? ఇంటికి రాగానే మీ పాఠం మొత్తం పాడుతుంది, మధ్యలో మీ దగ్గుతో సహా! "మంజ్యా, ముక్కులోంచి వేలు తియ్" అని మీ గొంతుతోనే గదమాయిస్తుంది కూడా. వీధివాళ్లు కిటికీ దగ్గర చేరి వింటారు. మీరు చూసేది ఇంకెవరి పిల్లనో! కళ్లజోడు మార్పించుకోండి.

మీ విధేయుడు,
గురుశాంతప్ప అంగడి

తా.క. దగ్గు కూడా శ్రుతిలోనే ఉంటుంది. ఎంత బాగా నేర్పారండీ!

బుధవారం

అజ్జగారికి నమస్కారాలు.

కళ్లజోడు మొన్ననే మార్చాను. పసుపు రిబ్బన్లు, ముందు వరుస, మీ పిల్లే. తను పాడకపోగా, పక్కపిల్లలు గొంతెత్తితే "ఉష్!" అని నోళ్లు మూయిస్తుంది. నేనంటే భయమా? పాటంటే కోపమా? దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. అంత బాగా పాడే పిల్ల నా దగ్గరే మూగబోతుందంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆమెను వదులుకోవాలని లేదు.

ఇట్లు,
శాల్మలా కట్టి

తా.క. నేను దగ్గను. అది ఆలాపన.

గురువారం

అక్కోరికి శరణు శరణార్థులు.

అడిగాను. "అజ్జా, అక్కోరు అంత బాగా పాడుతుంటే నడుమ నేను నోరు తెరవాలా? నీకు బుద్ధుందా?" అని నన్నే తిట్టింది. "ఆ మంజ్యాకి అసలు పాట వినడమే రాదు" అంది.

చిక్కంతా ఒక్క మాటతో వచ్చింది. పాలు తాగే వయసు నుంచీ "పాటకు పోదాం పద" అని భుజాన వేసుకుని కచేరీలకు తిప్పాను. ముందు కూర్చోవాలి, నోరు మెదపకూడదు, బాగుంటే తల ఊపాలి అని నేర్పాను. మీ తరగతికి మొదట తెచ్చిన రోజు కూడా "పాటకు పోదాం పద" అనే అన్నాను. అది వద్దని ఊపడం కాదు తల్లీ, ఆహా అని!

మీ విధేయుడు,
గురుశాంతప్ప

తా.క. రోజూ స్నానం చేస్తూ నేనూ పాడతాను. నాకు ఒక్కసారీ ఊపలేదు.

ఆదివారం

అజ్జగారికి నమస్కారాలు.

నిన్న మిమ్మల్నందరినీ ఎదురుగా కూర్చోబెట్టి, పిల్లల్ని నా పక్కన మీకేసి తిప్పి కూర్చోబెట్టగానే, ఈసారి వినేది మీరని లీలవ్వకు తెలిసిపోయింది. ఆమె 'స' అందుకుంటే నేను తాళం మరిచిపోయాను. నాలుగేళ్ల గొంతు అంత నిలకడగా నిలవడం ఎప్పుడూ వినలేదు. మాన్పించే మాట ఇక నేనెత్తను.

మీరు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లారు గనక మిగతాది చూడలేదు. లీలవ్వ నా కొంగు పట్టుకుని లాగి, "అక్కోరే, సోమవారం మా ఇంట్లో నా పాట ఉంది. మీరూ రండి. ముందు కూర్చోండి. నడుమ మాత్రం పాడకండి" అంది.

ఎన్ని గంటలకు రమ్మంటారు?

ఇట్లు,
శాల్మలా కట్టి

తా.క. ఎంతమందికో పాట నేర్పాను. నన్ను వినడానికి పిలిచిన శిష్యురాలు ఈమె ఒక్కతే. పొద్దుటినుంచి తల ఊపడం సాధన చేస్తున్నాను. మెడ పట్టేసింది, అయినా వస్తాను.