గాలి కొట్టక్కర్లేని పెట్టె

సికింద్రాబాద్,
శనివారం సాయంత్రం.

కరుణక్కకు, చెల్లి సునీత రెండు చేతులూ జోడించి వందనాలు చెబుతోంది.

నువ్వూ, బావగారూ, పిల్లలూ క్షేమమేనా? అత్తయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ దేవుని దయవల్ల మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే ఒంట్లో బాగానే. మనసు మాత్రం కొన్నాళ్లుగా కుదురుగా లేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకరు పెట్టి వంట చేసుకుంటూ మాట్లాడతావు, ఇంట్లో అందరూ వింటారు. అందుకే కాగితం తీశాను. ఇది నువ్వొక్కదానివే చదువు.

బోయిగూడలో ఇల్లు అలవాటైంది. మేడ మీద ఒకటిన్నర గది, కింద ఇంటి ఓనరు యాదమ్మగారు. ఎండ మన దగ్గరలా చెమట పట్టించదు గానీ పెదాలు పగిలిపోతున్నాయి. చేపలన్నీ ఐసులో పడుకున్నవే. మీ మరిదిగారు ఎదురుచెప్పకుండా తింటున్నారు, నాకే ముద్ద దిగడం లేదు. బెంగపడకు, తింటున్నాను.

అసలు సంగతి నా ఉద్యోగం గురించి. రాంగోపాల్‌పేట్ వైపు ఒక చిన్న బడిలో మ్యూజిక్ టీచరుగా చేరానని చెప్పాను కదా. ఇంటర్వ్యూలో పెద్ద మేడం, "పియానో వాయిస్తారా?" అని అడిగారు. నేను, "వాయిస్తానండీ" అన్నాను. అబద్ధం ఆడాలని కాదక్కా. చిన్నప్పటి నుంచి ఏ ఆదివారమూ తప్పకుండా మన చర్చిలో హార్మోనియం వాయించినదాన్ని. అవే నల్ల మెట్లు, అవే తెల్ల మెట్లు, ఇదెంత అనుకున్నాను.

చేరిన మూడో రోజు ప్రార్థన హాల్లో పియానో ముందు కూర్చున్నాను. కుడిచెయ్యి దాని చోటుకి అది వెళ్లింది. ఎడమచెయ్యి మెట్ల మీదుగా ముందుకి వెళ్లి, గాలి కొట్టే తిత్తి కోసం పెట్టె చెక్కంతా తడిమింది. హాల్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పుడు తట్టింది. పియానోకి రెండు చేతులూ వాయించాలి కదక్కా! నా ఎడమచేతికి పుట్టి బుద్ధెరిగాక గాలి కొట్టడం తప్ప ఇంకో పని తెలీదు.

రాబోయేది కాదు, ఆపై సోమవారం నుంచి ఉదయం ఎనిమిదింపావు ప్రార్థనకి నేనే వాయించాలి. బడి వదలగానే ఆ హాలుకి తాళం వేసేస్తారు. ఇంట్లో ఒకటి ఉంటే తప్ప నేర్చుకోలేను. మీ మరిదిగారితో చెబితే నవ్వలేదు, తిట్టలేదు. "పద, చూద్దాం" అన్నారు. బీరువాకీ కిటికీకీ మధ్య ఉన్న చోటుని పురికొసతో కొలిచి, ముడి వేసి, ఆ కొస పట్టుకుని సికింద్రాబాద్ బజారుకి వెళ్లాం.

షాపులో మొదట ఒక చిన్న కీబోర్డు నా కంట్లో పడింది. వందల రకాల మోతలు, డప్పుతో సహా. ఇంట్లో చక్కగా పడుతుంది. అదే తీసుకుందాం అంటే షాపతను అడ్డుపడ్డాడు.

"అక్కా, గదైతె ఉత్త పాటలకు మంచిగుంటది. మీరు బడిల పియానో వాయించాలంటున్నరు గదా? గీ మెట్లు మెత్తగుంటయి. దీని మీద నేర్సుకుంటె అసలు పియానో మీద కూసున్నంక పరేషాన్ అయితరు. జెర ఈ పెద్దది నొక్కి చూడుండ్రి."

నొక్కాను. మెట్టు బరువుగా దిగింది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికింది. మన హార్మోనియం పెట్టెలో ఎలా నొక్కినా ఒకటే, బలమంతా గాలిది. ఇక్కడ బలం వేలిది. పూర్తి ఎనభై ఎనిమిది మెట్లూ ఉన్నవి, బరువున్నవి, చుట్టూ చెక్క బీరువా లాంటిది లేకుండా సన్నగా ఉన్న కరెంటు పియానోలు మూడు చూపించాడు. పురికొస పెట్టి చూస్తే రెండు ముడి దాటిపోయాయి. మూడోది బెత్తెడు లోపలే ఆగింది, అదే కొన్నాం. స్పీకర్లు అందులోనే ఉన్నాయి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుంది, కాలితో తొక్కే పెడలు ఒకటి ఇచ్చాడు. అది గచ్చు మీద జారిపోతూ ఉంటుంది, కింద పాత తువ్వాలు వేశాను.

ఇంటివాళ్లకి ఇబ్బంది అని హెడ్‌ఫోన్ పెట్టుకునే వాయించాను. నాలుగో రోజు యాదమ్మగారు మేడెక్కి వచ్చారు.

"ఏం బిడ్డా, రోజు గా టక్ టక్ ఏంది? గన్ని ఉల్లిగడ్డలు కోసి ఏం జేస్తున్నవ్?"

నేను నొక్కే మెట్ల చప్పుడు పెట్టె స్టాండు గుండా కిందికి దిగుతోందన్నమాట! పాట నాకు, టకటకలు ఆవిడకి. విషయం చెప్పేసరికి ఏడుపు కూడా వచ్చేసింది. ఆవిడ తాపీగా కూర్చుని, కొప్పు మీద నుంచి హెడ్‌ఫోన్ తగిలించుకుని, వాయించమన్నారు.

"కుడిచెయ్యి మంచిగున్నది. ఎడమచెయ్యేంది, చుట్టమోలె కూసున్నది?" అన్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు మిషన్ కుట్టారట. "షురూల నాకు సుత కాలొక దిక్కు, చెయ్యొక దిక్కు. చక్రం ఎనుకకు తిరిగి దారం తెగుతుండె. బట్ట పెట్టకుంట వారం దినాలు ఉత్తగనే తొక్కినా. నువ్వు సుత కుడిచెయ్యి ఒళ్లె పెట్టుకో. ఎడమదానితోనే పని చేపియ్యి."

అలాగే చేస్తున్నానక్కా. ఇప్పుడు ఎడమచేతికి ప్రార్థన పాటలో తను నొక్కాల్సిన మూడు చోట్లు తెలిశాయి. రెండు చేతులూ కలిపేసరికి మళ్లీ గాలి కొట్టడానికి ఊగుతుంది. దాన్ని చూస్తే కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది.

దాచి ఉంచడం నావల్ల కాక నిన్న పెద్ద మేడంకి నిజం చెప్పేశాను. ఆవిడ, "ముందే చెప్పాల్సింది సునీతా. ఆ సోమవారం ప్రార్థన పాట ఒక్కటి రెండు చేతులతో వాయించండి. రాకపోతే నేను వేరే టీచర్ని చూసుకోవాలి, ఏమీ అనుకోకండి" అన్నారు. తప్పు నాదే, ఏమనుకోను? నువ్వు మాత్రం కంగారుపడకు, వస్తుందిలే. వస్తుందనే అనుకుంటున్నాను.

నా భయం ఉద్యోగం పోతుందని మాత్రమే కాదు. నాకు ఏడేళ్లప్పుడు గుర్తుందా? నా చెయ్యి తిత్తికి అందేది కాదని నువ్వు ఎదురుగా కూర్చుని గాలి కొట్టేదానివి. నేను వాయించేదాన్ని. నా మీద కోపమొస్తే పాట మధ్యలో గాలి ఆపేసేదానివి, నేను మూగ మెట్లు నొక్కుతూ ఏడ్చేదాన్ని. ఈ పెట్టెకి గాలి అక్కర్లేదు. ప్లగ్గు పెడితే చాలు. తలెత్తితే ఎదురుగా నువ్వుండవు, గోడ ఉంటుంది. ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది అదే.

మనవైపు నుంచి ఎవరైనా వస్తుంటే ఎండు రొయ్యలు కొంచెం, నువ్వు చేత్తో రాసుకున్న పాటల నోటుబుక్కు పంపు. రొయ్యలు మరిచిపోయినా ఫర్వాలేదు, నోటుబుక్కు మరవకు. పాస్టరుగారికీ, పాస్టరమ్మగారికీ నా వందనాలు. అత్తయ్యగారి ఆశీర్వాదం అడిగానని చెప్పు, ఎందుకో మాత్రం చెప్పకు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇంకొక్క పని చేసిపెట్టు. ఆ సోమవారం ఉదయం సరిగ్గా ఎనిమిదింపావుకి చర్చికి వెళ్లి మన పెట్టె దగ్గర కూర్చో. పాట వద్దు. మెట్ల మీద చెయ్యి కూడా వెయ్యొద్దు. ఊరికే గాలి కొట్టు. ఈసారి నా మీద కోపమొచ్చినా మధ్యలో ఆపకు.

నీ చెల్లెలు,
సునీత