అత్తకు పెట్టిన పడవ పరీక్ష

మే నెల, ఆదివారం

ఈ వేసవి ఓడ ప్రయాణం కార్వార్‌కా, లక్షద్వీప్‌కా అన్నది రేపు ఉదయంలోగా ఓడ వాళ్లకు చెప్పాలి. నాకున్న సెలవు ఐదు రోజులే, జూన్ వస్తే వానలు. నా భార్య పద్మ, పాప లక్షద్వీప్ అంటున్నారు. అక్కడికైతే రాత్రుళ్లూ తెరచాప ఓడలోనే ఉండాలి. అత్త తట్టుకోలేదని, రోజూ సాయంత్రానికి ఒడ్డు చేరే కార్వార్ చాలని నేను వాదిస్తూ వచ్చాను. అమ్మను వదిలి పద్మ రాదు.

విలేకరిగా రుజువు లేనిదే వార్త రాయను కదా, దీనికీ రుజువు చూద్దామని ఈ రోజు అందరినీ హలసూరు చెరువులో పడవ ఎక్కించాను. గాలికి పడవ కాస్త ఊగింది. అత్త నిటారుగా కూర్చుని, చెరువులో ఏ చేపలున్నాయని పడవవాడిని కన్నడంలో ఆరా తీసింది. కళ్లు తిరిగింది మాత్రం నాకే.

"ఏమప్పా, కడుపులో తిప్పుతుండాదా?" అంటూ అత్త కొంగుముడి విప్పి నిమ్మకాయ తీసింది. "నాకోసరం తెచ్చుకుంటి. నువ్వే వాసన చూడు."

"అమ్మమ్మ పాస్! నాన్నని ఇంట్లో వదిలేసి వెళ్దాం," అంది పాప.

ఒడ్డుకొచ్చాక అత్త అడిగింది, "సముద్రం ఇంతకన్నా ఊగుతాదా?"

"చాలా ఎక్కువ."

"అట్లయితే నిమ్మకాయలు ఇంకా నాలుగు ఎత్తుకుందాం."

డెబ్బై ఏళ్లొచ్చినా ఆమె సముద్రం చూడలేదని ఈ రోజే తెలిసింది. ఇంతకాలం నేనే అడగలేదు.

లక్షద్వీప్ అని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. వంటింట్లో అత్త నిమ్మకాయలు ఏరుతోంది. నాకోసమే అనుకుంటా…