ఇసుక కుప్పకు క్షమాభిక్ష కోరుతూ

పెద్దేటిపల్లె,
జమ్మలమడుగు తాలూకా,
మార్చి, 1958.

బడుల తనిఖీ అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బడి ఆవరణలో ఇసుక కుప్ప ఉండరాదని తమరు జారీ చేసిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి.

ఈ ఊరి ఏకోపాధ్యాయుడు కోదండపాణి చేతులు కట్టుకొని మనవి చేసుకొనునది:

1. తమరు ప్రొద్దుటూరు నుండి దుమ్ము కొట్టుకొని తనిఖీకి దయచేసిన పూట, పిల్లలు అడుగున చిల్లి వేసిన కుండలో గులకరాళ్లు, పైన ఇసుక పోసి, అందులో బురదనీళ్లు వంచుతుండిరి. అది సామాన్యశాస్త్రమని మనవి చేసుకొంటిని. గుజ్జనగూళ్ల ఆట అని తమరు సెలవిచ్చితిరి. తమ హోదా ముందు నా శాస్త్రమెంత!

2. అదే ఇసుకలో వేలితో అ, ఆ దిద్దుతున్న చిన్నపిల్లలను మాత్రం భేష్ అని మెచ్చుకొంటిరి. అనగా ఇసుకలో "నీళ్లు" అని రాస్తే చదువు, నీళ్లు పోస్తే ఆట. ఈ సూక్ష్మం నా మట్టిబుర్రకు ఇన్నేళ్లు ఎక్కనందుకు సిగ్గుపడుచున్నాను.

3. సెలవైన ప్రకారం "ఇసుక నీటిని వడకట్టును" అని పుస్తకం చూచి వల్లె వేయించితిని. సగం మంది నిద్రపోయిరి. తక్కినవారు నన్ను నిద్రపోనీయలేదు, అంతే.

4. అసలు కష్టం ఇది. మాబున్ని అను బాలిక మేకలను వదిలి బడికి వచ్చినదే ఆ కుండ కోసం. మొదటి తేటచుక్క పడగానే, "అయివారూ, బురద యాడికి పాయె?" అని అడిగినది. నా ఉద్యోగకాలంలో ఒక శిష్యురాలు నన్ను ప్రశ్న అడగడం అదే మొదలు, అయ్యా! ఇసుక ఎత్తివేసిన మరునాడే వాళ్లమ్మ ఖమర్‌బీ వచ్చి, "అరిసేదానికైతే మేకల కాడనే అరుస్తాది లే అయివారూ, బడెందుకు?" అని పిల్లను తీసుకొనిపోయినది. తమ ఉత్తర్వు చదివి వినిపించితిని. ఆమె నవ్వినది.

కావున ఆ పిల్ల మళ్లీ బడిగడప తొక్కునట్లు ఉత్తర్వు రద్దు చేయవలెను. వీలుకానిచో, బురద యాడికి పాయెనో తమరే వచ్చి ఆమెకు సెలవియ్యవలెను. తీరిక చిక్కిననాడు చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇప్పటికి),
కోదండపాణి

తా.క.: పోస్టు పోయేలోపల ఉత్తర్వు మళ్లీ చదివితిని. ఇసుక బడిలో ఉండరాదని ఉన్నది గాని, బడి ఇసుకలో ఉండరాదని యాడా లేదు. నల్లబల్ల నెత్తిన పెట్టుకొని, పిల్లలతో సహా ఎండిన పెన్నేటి ఇసకలోకి దిగినా. ఖమర్‌బీ మేకలు గూడా నీళ్లకు ఈడికే వస్తాండాయి. మాబున్ని ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చూసి ఎగురుతాంది. రద్దూ గిద్దూ ఏం వద్దులేప్పా. తనిఖీకొస్తే బూట్లు గట్టున ఇడిసి రా.