గుండీల కొట్టుకు కొత్త చిరునామా

శ్రీమతిగారికి,

మీ ఆయన రాయునది. నేను, మీ అమ్మ, మూడు గదుల నిండా గుండీలు, ఇక్కడ అందరం కులాసా. ఓడ ఎంత ఊగినా నువ్వు వేళకి తింటూ, సముద్రం లోతులు కొలుచుకుంటూ హాయిగా ఉన్నావని తలుస్తాను.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఎలా తెలిసిందంటే, పై అరలో ఉన్న ఇత్తడి గుండీల డబ్బాని నన్ను అడక్కుండా తనే స్టూలెక్కి దింపుకుంది. కిటికీ రెక్క బాగుచేయించాను. గడ్డం తీసేశాను. ఇక నాలుగో ప్రశ్న: "నేను లేకుండా ఆన్‌లైన్ కొట్టు తెరవడం మీవల్ల అవుతుందా?" అది చదివి మీ అమ్మ నవ్విన నవ్వు చూసే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అయింది. తెరిచాను. నేనే తెరిచాను.

ఎలాగో చెబుతాను, విని తీరాలి. నువ్వు వెళ్ళేముందు డొమైన్ కొన్నావు, అంటే కొట్టుకి పేరు పెట్టావు. కొట్టేమో ఇంకో కంపెనీ దగ్గర కట్టుకున్నాం. ఆ పేరు టైపు చేసినవాళ్ళు మన గుమ్మంలోకి రావాలంటే, పేరు అమ్మినవాళ్ళ దగ్గరున్న పట్టికలో మన కొట్టు నంబరు రాయాలి. నువ్వు పెట్టి వెళ్ళిన కాగితం చూసి రాశాను. రాసి చూస్తే ఏముంది, "ఈ వెబ్‌సైట్ త్వరలో రాబోతోంది" అని ఎవరిదో బోర్డు! మీ అమ్మ ఫోనులో మాత్రం మన కొట్టు నిక్షేపంలా కనిపిస్తోంది. కాసేపటికి నా ఫోనులో కొట్టు, ఆవిడ ఫోనులో బోర్డు. "దీనికీ మీ బుద్ధే వచ్చింది అల్లుడుగారూ, ఉన్నంతసేపు ఉంటుంది, పిలిస్తే పలకదు" అంది ఆవిడ.

పేరు అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. "సార్, మీరు చేసిన మార్పు అన్నిచోట్లకీ చేరడానికి రెండు రోజులు పట్టొచ్చు. కాస్త ఓపిక పట్టండి" అంది. ఓపిక అన్న మాట వింటేనే నాకు ఓపిక పోతుందని నీకు తెలుసు. అయినా పట్టాను. మూడోరోజూ అదే దోబూచులాట. ఇక లాభం లేదని పట్టిక ముందు కూర్చుని ఒక్కో వరసా వేలు పెట్టి చదివాను. దొరికాడు దొంగ! ఒకే పేరుకి రెండు నంబర్లున్నాయి. ఒకటి నేను రాసింది, రెండోది పేరు కొన్ననాడు వాళ్ళే రాసుకున్న పాతది. వచ్చినవాళ్ళని ఓసారి ఇటు, ఓసారి అటు పంపుతోంది. పాతది పీకేశాను. ఆ సాయంత్రానికి కొట్టు కుదురుకుంది. పేరు ముందు మూడు డబ్ల్యూలు కొడితే రావడం లేదని మీ అమ్మ కనిపెట్టింది. దానికి వేరే వరస రాయాలి, అదీ రాశాను. పేరు పక్కన తాళంకప్ప బొమ్మ కూడా వచ్చేసింది. ఆ పూట నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని. జోడు లేని గుండీ అరలో ఉండకూడదని మీ అమ్మ శాసనం కదా, నెలాఖరుకి ఒంటి గుండీలన్నీ ఏరేస్తాం కదా. ఆ అలవాటు కొద్దీ పట్టికనీ శుభ్రం చేశాను. మన కొట్టు నంబరు కనిపించని వరస ప్రతిదీ నా కంటికి ఒంటి గుండీయే. టకటకా ఏరి పారేశాను. అందులో ఒక వరస కొట్టుకొచ్చే ఈమెయిళ్ళకి దారి చూపేదని నాకేం తెలుసు?

వెబ్‌సైట్ ధగధగలాడుతోంది, ఈమెయిలు మాత్రం ఒక్కటీ లేదు. ఊడిపోయిన గుండీకి జత వెతికిపెట్టమని ఫొటోలు పంపేవాళ్ళందరూ ఏమైపోయారు? జనం ఈమధ్య చొక్కాలు జాగ్రత్తగా తొడుక్కుంటున్నారు కాబోలు అనుకుని ఎనిమిది రోజులు ఈగలు తోలుకున్నాను. తొమ్మిదోరోజు నాటకాల బట్టలు కుట్టే దర్జీ ఆవిడ స్వయంగా దిగింది. "ఏమయ్యా, కొట్టు తెరిచానని డప్పు కొట్టి, మెయిలు రాస్తే తిప్పి పంపిస్తావా? గుండీ లేక అక్కడ రాజుగారి పొట్ట బయటికొస్తోంది!" అని వీధంతా వినిపించేలా అరిచింది.

మళ్ళీ ఆ అమ్మాయికే ఫోను చేశాను. "మెయిల్ వరస మీరే తీసేశారు సార్" అంది. నేనేనని ఎలా చెబుతావన్నాను. "తారీఖు, టైముతో సహా ఉంది సార్" అంది. నోరు మూసుకుని ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాశాను. మధ్యాహ్నానికి ఈమెయిళ్ళు దిగాయి. మొదట్లో వచ్చినవి వెనక్కిపోయాయట. చివరి రెండు మూడు రోజులవి మాత్రం దారిలో కాచుకుని ఉండి వచ్చాయి, మొత్తం పదిహేడు. రాజుగారి కోటుకి జత దొరికింది, ఆయన పరువు నిలిచింది.

ఇంతవరకూ చదివి మా ఆయన మొనగాడే అనుకుంటూ ఉంటావు. ఈ కిందిది రాయడానికే ఇంత సోది చెప్పాను.

ఆ పదిహేడులో ఒకటి మీ ఓడ ఆఫీసు నుంచి వచ్చింది. ఇంటి చిరునామా కింద కొట్టు ఈమెయిలు ఇచ్చావు కదా. మొదటిది తిరిగొచ్చిందనీ, ఇది రెండోసారి పంపడమనీ రాశారు. కొలతల బృందానికి నిన్ను పెద్దని చేశారు. నువ్వు మూడుసార్లు అడిగి మూడుసార్లూ లేదనిపించుకున్న ఉద్యోగమే. అదే ఓడలో ఇంకో రెండేళ్ళు. వారంలో జవాబివ్వాలి.

కాగితం మీదకి దింపి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. మొదటి ఉత్తరాన్ని పట్టిక మింగింది, రెండోదాన్నీ అదే మింగిందంటే ఎవరు కాదంటారు? ఆదివారం నువ్వు ఫోను చేశావు. నీ వెనక క్యూలో జనం, మనకి ఐదు నిమిషాలు. "ఆఫీసు నుంచి ఏమైనా వచ్చిందా?" అనడిగావు. "ఏమీ రాలేదు" అన్నాను. "పోన్లెండి" అన్నావు. వరస తీసేయడం పొరపాటు. ఇది మాత్రం పొరపాటు కాదు, అబద్ధం. తెలిసి చెప్పాను.

తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు తిరిగాను. ఉతకడానికి చొక్కా తీసినప్పుడు మీ అమ్మకి ఆ కాగితం దొరికింది. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"ఎవరి పేరున వచ్చిందిది?"

"మీ అమ్మాయి పేరున."

"మరి మీ జేబులో ఏం చేస్తోంది?"

ఆవిడ కాగితం నా చేతిలో పెట్టింది. చొక్కా నానబెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మీ ఆఫీసుకి వెళ్ళాను. ఈమెయిలు దారి నేనే పీకేశాననీ, తర్వాత ఉత్తరాన్ని నేనే దాచాననీ గుమస్తాకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను మధ్యాహ్నందాకా బల్ల మీద కూర్చోబెట్టి, పెద్దలతో మాట్లాడి వచ్చాడు. నీ తరఫున నా మాట చెల్లదట. నువ్వు సంతకం చేసిన ఫారం, ఈ ఉత్తరం తెచ్చే సరుకుల పడవ తిరిగొచ్చేటప్పుడు దానితోనే రావాలి. అందాకా ఆగుతామన్నారు. ఆ ఫారాన్నే ఈ ఉత్తరం పైన గుచ్చాను. పడవ అక్కడ ఒక్కపూటే ఆగుతుంది, గుర్తుంచుకో.

నువ్వు వచ్చేయాలని నాకుంది. ఈ ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళు లేక చచ్చిపోతున్నాను. రెండేళ్ళంటే భయంగా ఉంది. కానీ వస్తే నీ అంతట నువ్వు రావాలి, నేను నీ ఉత్తరం మింగేసినందుకు కాదు.

ఫారం చివర రెండు గడులున్నాయి. మొదటిది, ఉద్యోగి వెళ్ళడానికి ఇంట్లోవాళ్ళకి సమ్మతమేనని. అందులో నేను సంతకం పెట్టేశాను. కాస్త వంకరపోయింది గానీ, నాదే. దాని కింద గడి నీది.

ఇట్లు,
మీ ఆయన