గిరి అంటించిన చీటీలు

తార్‌బహార్, బిలాస్‌పూర్
6-2-92

బుజ్జమ్మా,

మీ అన్నయ్య పోయి రేపటికి నాలుగు నెలలు. వరండా వైపు చూడలేకపోతున్నాను తల్లీ. రైల్వే క్వార్టర్లలో పారేసిన మాడిన ట్యూబులైట్లు ఏరి తెచ్చి, తను చేసిన కరెంటు డబ్బాలు తగిలించి మళ్ళీ వెలిగించి, లేనివాళ్ళ ఇళ్ళకి ఇచ్చేవాడు కదా గిరి. ఆ డబ్బాలు పదకొండు, ట్యూబులు ఓ మోపెడు అలాగే పడున్నాయి. నిన్న పాత సామాన్లు కొనే కబాడీ జగన్నాథం వచ్చి, "ఇంకేటి చేస్తావమ్మా ఈ సామాను? దుమ్ము పట్టిపోతన్నాది" అన్నాడు. ఆదివారం పట్టుకుపొమ్మన్నాను. ఓపిక లేదమ్మా.

మీ అమ్మ కనకం

ఖరగ్‌పూర్
10-2-92

అమ్మా,

ఆ డబ్బాలు ఇంకా ఇచ్చెయ్యకపోతే ఇవ్వకు. వాటి మీద అంటించిన చీటీల్లో ఉన్నవి ఏ డబ్బా ఎవరిదో హిందీలో రాసిన పేర్లు. బాగుచేయమని వాళ్ళు ఇచ్చి వెళ్ళినవి. నీకు తెలుసనుకున్నాను. ట్యూబులు కూడా పగలనివ్వకు, లోపలి పొడి చేటని అన్నయ్య భయపెట్టేవాడు. "ట్యూబు చావలేదే బుజ్జీ, తీగ తెగింది, అంతే" అనేవాడు. అమ్మా, నువ్వొక్కదానివే ఎలా ఉంటున్నావు?

నీ బుజ్జి

తార్‌బహార్
19-2-92

బుజ్జమ్మా,

నీ ఉత్తరం అందేసరికి ఆదివారం దాటిపోయింది, జగన్నాథం అన్నీ పట్టుకుపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఆ హిందీ అక్షరం ఒక్కటీ నేర్చుకోలేదు. వాడేవో గుర్తులు పెట్టుకున్నాడనుకున్నాను.

ఉత్తరం పట్టుకునే తెలిపారాలో అతని కొట్టు దాకా నడిచాను. ట్యూబులు పగల్లేదు. డబ్బాలు మాత్రం ఏడు విరిచి రాగి తీసేశాడు. మిగిలిన నాలుగింటి మీది చీటీలూ చదవమన్నాను.

"ఇది ఎర్రయ్యది. ఇది అప్పలస్వామిది. ఇది..." అని ఆగిపోయాడు.

"ఏటి నాయనా?"

"ఇది మా ఇంటిదేనమ్మా! డబ్బా ఏటైపోనాదని మా ఆడది నాలుగు నెలల్నుంచి నన్నే తిడతన్నాది."

నవ్వొచ్చింది నాకు, గిరి పోయాక మొదటిసారి. ఆ వెంటనే అక్కడే కూలబడి ఏడ్చాను.

విరిచినవాటి చీటీలు కూడా ఏరించి చదివించాను. ఒకటి వెనక వీధి చిన్నమ్మిది. దాని కూతురికి మెట్రిక్ పరీక్షలు, ఇన్నాళ్ళూ కిరసనాయిలు బుడ్డి ముందే చదువుతోందట. వెళ్ళి తప్పు ఒప్పుకుంటే, "కొడుకు పోయిన తల్లిని డబ్బా ఏదని ఎలగ అడుగుతానమ్మా?" అంది.

మన వంటింట్లో గిరి బిగించిన డబ్బా విప్పించి చిన్నమ్మికి ఇచ్చేశాను. వాడు వెలిగించినది ఇంట్లో అదొక్కటే మిగిలింది. అక్కడ వెలిగిందట. చూడ్డానికి కాళ్ళు రాలేదు. ఇంకా ఆరిళ్ళకి వెళ్ళి చెప్పుకోవాలి, రోజుకొక ఇల్లు. వంట పొద్దుండగానే ముగించేస్తున్నాను.

మీ అమ్మ

నువ్వు మాత్రం వేళకి కడుపునిండా అన్నం తిను తల్లీ.